సెల్లులు లేని ఎర్ర లైటు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇది దయ్యం పనేనని ఇప్పుడూ అనను. ముందు నా తప్పు చెప్పాలి. ఆ రోజు నేను చూడనిదాన్ని చూశానని చెప్పాను.

చొప్పదండిలో నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆటోలకు, ట్రాక్టర్లకు ఎల్‌ఈడీ లైట్లు బిగిస్తాను. మా పెద్దనాన్న కొడుకు రాజన్న పోలియో వల్ల నడవలేడు. మా షాపు పక్కనే బట్టలు కుడతాడు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద పక్క పల్లె నుంచి రోజూ వచ్చిపోతాడు. దాని సీటు వెనక కడ్డీకి ఎర్ర లైటు, కింద మూడు బ్యాటరీ సెల్లుల డబ్బా బిగించింది నేనే.

సద్దుల బతుకమ్మ నాడు చైన్ ఊడుతోందంటే, పొద్దున రాజన్నను ఆయన కొట్లో దింపి బండి తెచ్చుకున్నాను. ఆ రోజే నా బిడ్డ తన బతుకమ్మలో లైట్లు వెలగాలని పట్టుబట్టింది. షాపులో సెల్లులు అయిపోయాయి. రాజన్న బండిలోవి మూడూ తీసి, తంగేడు పూల మధ్య దాచిన లైట్లకు వేశాను. సాయంత్రంలోగా కొత్తవి తెచ్చి పెడదామనుకున్నాను. మర్చిపోయాను.

చైన్ బిగించి బండి ఇచ్చాను. పొద్దుగూకే వేళ రాజన్న బండెక్కాడు.

"లైటు సూసినవా తమ్మీ? వెనకది నాకు కనబడది గద."

"సూసిన అన్నా, ఫికర్ చెయ్యకు."

"పెండ్లి బండి లెక్క మెరవాలె మరి," అని నవ్వుతూ పోయాడు.

ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే మా బతుకమ్మ వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది. బైకు తీశాను.

ఊరు దాటాక దూరంగా ఎర్ర లైటు కనిపించింది. సరిగ్గా రాజన్న సీటు ఎత్తులో. సెల్లులు వేసే ఉంటానని నాకు నేనే సర్దిచెప్పుకుని స్పీడు తగ్గించాను. అదీ నా తప్పే.

లైటు కదలడం లేదు. కల్వర్టు పక్కన ఆగి ఉంది. నేను దగ్గరికి రాగానే ఆరిపోయింది. అక్కడ ఎవరూ లేరు. దిగి కిందికి చూస్తే కాలువలో బండి బోర్లా పడి ఉంది. దాని కింద రాజన్న. ముఖానికీ నీళ్లకూ మధ్య జానెడు ఎడం.

"ట్రాక్టరోడు గుద్ది పోయిండు," అన్నాడు. "గంత లైటు కనబడలేదా వానికి?"

నేను కాలువలోకి దిగి, బండిని పక్కకు నెట్టి ఆయన్ని బయటికి లాగాను.

నేను చూసింది ఆ ట్రాక్టర్ లైటేమో అనుకుందామంటే, కల్వర్టు అవతల రోడ్డు చాలాదూరం తిన్నగా, ఖాళీగా ఉంది. మర్నాడు బండి పైకి తీయించాను. లైటు ముక్కలై బురదలో కూరుకుపోయి ఉంది. డబ్బాలో సెల్లులు లేవు. ఆ మూడూ మా ఇంట్లోనే ఉన్నాయి. బతుకమ్మను నీళ్లలో వదిలేముందు మా ఆవిడ తీసి పెట్టింది. నాకు దారి చూపింది ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో అంతా చెప్పేశాను. రాజన్న కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి సర్దుకున్నాడు.

"బిడ్డ బతుకమ్మ మంచిగ వెలిగిందా?" అని మాత్రం అడిగాడు.

ఆ చెయ్యి కుదిరేదాకా బండిని పల్లె నుంచి కొట్టుకూ, కొట్టు నుంచి పల్లెకూ నేనే తోశాను. తర్వాత కొత్త లైటు పెట్టి, హ్యాండిల్‌కు చిన్న అద్దం బిగించాను. వెనక లైటు వెలుగుతోందో లేదో ఇప్పుడు ఆయనే అందులో చూసుకుంటాడు. నన్ను అడగాల్సిన పని లేదు.