లాలా పేరిట అర్చన

అఫ్గానిస్తాన్ పడిపోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా పక్కింటావిడ. ఆ పూట మా ఇంట్లో టీవీ పెట్టలేదు. ఆదివారం, ఆగస్టు పదిహేను. మా వారు తెల్ల లాల్చీ వేసుకుని, జేబుకి మూడు రంగుల బ్యాడ్జీ తగిలించుకుని, పార్కులో జెండా వందనానికి బయలుదేరుతున్నారు. నేను పెరట్లో పూజకి బంతిపూలు కోస్తున్నాను. చెక్క కంచెకి అవతల ఆవిడ రెండు చేతుల్లో రెండు ఫోన్లతో నిలబడి ఉంది.

"ఖాలా, మా దేశం అయిపోయింది" అంది. ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టే చెప్పింది.

ఖాలా అంటే పిన్ని. ఆవిడ కాబూలు మనిషి. రిచ్‌మండ్ హిల్‌లో మా రెండిళ్లకీ ఒకటే కంచె. మేము మాట్లాడుకునేది హిందీ. ఆవిడకి హిందీ సీరియళ్లు నేర్పాయి, నాకు మా తాతగారు నేర్పారు. నేను బడికి వెళ్లలేదు. తాతగారే ఇంట్లో తెలుగు, లెక్కలు, కొంచెం సంస్కృతం చెప్పి, చివర్లో నా చేత హిందీ పరీక్ష రాయించారు. నా పేరు మీద ఉన్న సర్టిఫికెట్ అదొక్కటే. ఒంటారియోలో ఒక కంచె దగ్గర అది పనికొస్తుందని ఆయనకి ఎలా తట్టిందో! రోజూ దీపం పెట్టాక ఆయనకో నమస్కారం చేసుకుంటాను.

దేశం సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. మా భయం ఆవిడ తమ్ముడి గురించి. అతను అక్కడి సైన్యంలో ఉన్నాడు. ఏదో లోయలో ఒక చెక్‌పోస్టు దగ్గర వేశారు. వారం రోజులుగా ఆవిడ ఫోన్ చేస్తోంది. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఒక ఫోన్ నుంచి చేసి, అది కట్ అయ్యేలోగా రెండోదాన్నుంచి చేస్తోంది. వంట చేస్తూ ఒకటి, బట్టలు మడత పెడుతూ ఒకటి.

మా వారు చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"ఏమిటోయ్, ఏమైంది?"

చెప్పాను.

"అప్పుడేనా? చలికాలం దాకా ఆగుతుందనుకున్నానే!" అన్నారు.

ఆయన రిటైరైన సివిల్ ఇంజనీరు. అమెరికావాళ్లు సర్దుకుని వెళ్లిపోతున్నారని తెలిసినప్పటినుంచీ రోజూ కాఫీ దగ్గర నాకు ఒకటే పాఠం. స్లాబు పోశాక కింద సెంట్రింగ్ తీసేస్తే అది తన కాళ్ల మీద తను నిలబడాలి. నిలబడలేదంటే ఇన్నాళ్లూ బరువు మోసింది స్లాబు కాదు, సెంట్రింగే. ఆ ఉదయం అదే పాఠం కంచె దగ్గర ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఆవిడ మర్యాదగా విన్నది.

"అవును అంకుల్," అంది. "మా తమ్ముడు ఆ స్లాబు కిందే ఉన్నాడు."

మా వారు జెండా వందనానికి వెళ్లలేదు. మెట్టు మీద కూర్చుండిపోయారు. బ్యాడ్జీ మాత్రం సాయంత్రం దాకా జేబుకే ఉంది.

నాకు ఆవిడతో స్నేహం కుదిరింది శ్రావణ శుక్రవారాల వల్ల. ఈ దేశం వచ్చిన కొత్తలో మా వీధిలో తాంబూలం ఇవ్వడానికి మనవాళ్లు ఎవరూ దొరకలేదు. పక్కింట్లో ముత్తయిదువ ఉంది కదా అని ఆవిడనే పిలిచాను. ఆకు, వక్క, రవికల గుడ్డ, నానబెట్టిన శనగలు. నల్ల శనగలు దొరక్క ఆ ఏడు తెల్లవి నానబెట్టాను.

"వీటిని మేము కాబూలీ శనగలంటాం" అన్నాను, సంతోషిస్తుందని.

"అలాగా? కాబూల్లో మేము శనగలనే అంటాం" అని గుప్పెడు నోట్లో వేసుకుంది. అప్పటినుంచి ప్రతి శ్రావణంలోనూ వచ్చి శనగలు పట్టుకెళ్తోంది. బదులుగా తన పెరట్లో ఉల్లికాడల్లాంటి ఆకు కోసి ఇస్తుంది. పప్పులో బాగుంటుంది.

ఆ సాయంత్రం గుడికి వెళ్లాను. నేను చేయగలిగింది అదొక్కటే. అర్చనకి నా వంతు వచ్చింది.

"గోత్రం?" అన్నారు పంతులుగారు.

"తెలియదండీ."

"తెలియకపోతే కాశ్యపస. నక్షత్రం?"

"అదీ తెలియదండీ. ఆప్రికాట్లు పండే రోజుల్లో పుట్టాడట."

ఆయన మాస్కు మీదుగా నన్నొకసారి చూశారు. "పేరు చెప్పండమ్మా, మొదటి అక్షరాన్ని బట్టి చూద్దాం."

చెప్పాను. పువ్వులు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"మీకేమవుతారు?"

"పక్కింటావిడ తమ్ముడండీ. సైన్యంలో ఉన్నాడు. ఇవాళ పొద్దున్నుంచి ఆ సైన్యం లేదు."

నా వెనక నిలబడినాయన దగ్గారు. పంతులుగారు ఆయన వైపు చూసి, "ఉండండి సార్, ఇక్కడ అవసరం పెద్దది" అన్నారు. క్షేమ, స్థైర్య, ధైర్య, విజయ అని సంకల్పం అందుకున్నారు. విజయమంటే మళ్లీ యుద్ధమే కదా అని అడ్డం పడ్డాను.

"పంతులుగారూ, విజయం వద్దండీ. అభయం, ఆయుష్షు, ఆ రెండూ చాలు."

"మంత్రంలోంచి మాటలు ఏరిపారేయకూడదమ్మా. అవేమన్నా పోపులో మిరపకాయలా? విజయం కూడా ఉండనివ్వండి, దారిలో పనికొస్తుంది."

ఉండనిచ్చాను.

ఇంటికి వచ్చి కంచె మీదుగా కొబ్బరి చెక్క, అరటిపండు ఇచ్చి, మీ తమ్ముడి పేరు మీద ఇలా చేయించానమ్మా అని చెప్పాను. ఏమంటుందోనని కొంచెం జంకాను. ఆవిడ కళ్లొత్తుకుని, "మంచి పని చేశారు ఖాలా. నేను ఇక్కణ్ణుంచి నమాజు చేస్తున్నాను. రెండు లైన్లుంటే ఏదో ఒకటి కలుస్తుంది" అంది.

మర్నాటినుంచి ఆ ఫోన్ మోగడం కూడా మానేసింది. స్విచ్ ఆఫ్. అంతకుముందు మోగుతుంటే ఎత్తడం లేదని ఏడ్చేది. ఇప్పుడు ఆ మోతే దక్కడం లేదని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని టీ కలిపి ఇచ్చేదాన్ని.

చెట్ల ఆకులు రాలిపోయాక ఒక రోజు ఆవిడ చెప్పుల్లేకుండా, మంచులో, మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తెలియని నంబరు నుంచి వాయిస్ మెసేజ్. పెషావర్ నుంచి. "అక్కా, నేనే" అని ఉంది అందులో. ముందు కాళ్లు తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆ రెండు మాటల్నీ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మా వారు వచ్చి తనూ విని, "గొంతు బాగానే ఉంది, జలుబు చేసినట్టుంది" అన్నారు.

స్పాన్సర్‌షిప్‌కి అప్లై చేయడం, అడిగిన కాగితాలు లేవని చెప్పడం, లేనివే మళ్లీ అడగడం, ఇలా రెండేళ్లు పైనే గడిచాయి. ఎట్టకేలకు అతను వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ముప్పై దాటిన మనిషి. ఇప్పుడు గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తూ శని, ఆదివారాలకి అక్క దగ్గరికి వస్తాడు. వీసాకి మెడికల్ చేసిన వైద్యులకి, ఆ ఆఫీసులవాళ్లకి, విమానం నడిపినవాళ్లకి, అందరికీ దండం.

మొన్న శ్రావణంలో అక్కాతమ్ముళ్లిద్దరినీ భోజనానికి పిలిచాను. పులిహోర వడ్డిస్తుంటే మా వారు అడగనే అడిగారు.

"అంత సైన్యం అంత కొద్ది రోజుల్లోనే ఎలా పోయిందయ్యా?"

"పోలేదు అంకుల్, ఇంటికెళ్లింది" అన్నాడు. పెషావర్‌లో నేర్చిన ఉర్దూ, మా హిందీతో బాగానే కలుస్తుంది. "మాకు రొట్టెలు, తూటాలు హెలికాప్టర్లో వచ్చేవి. హెలికాప్టర్లు బాగుచేసే విదేశీయులు వెళ్లిపోయారు. హెలికాప్టర్లు ఉన్నాయి, ఎగరవు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఊరి పెద్దలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తుపాకీ అక్కడ పెట్టి ఇంటికి పో, ఏమీ అనరు అని. ఫోన్ ఎత్తినవాడల్లా వెళ్లిపోతున్నాడు. అందుకని మా కమాండర్ ఫోన్లన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేయించి లాలాకి అప్పగించాడు. తన ఫోన్ తన దగ్గరే ఉంచుకున్నాడు."

"మరి ఆ కమాండర్?"

"మీటింగ్ ఉందని టౌనుకి వెళ్లాడు. ఇంకా అయినట్టు లేదు."

మా వారు నవ్వబోయి ఆగారు.

లాలా అంటే వాళ్ల భాషలో అన్నయ్య. ఆ పోస్టులో అందరికంటే పెద్ద సిపాయి. ఇతను అక్కడికి మారి కొన్నాళ్లే అయింది. అందరూ లాలా అంటే తనూ లాలా అన్నాడు, అసలు పేరు తెలియదు. కాబూలు పోయిందని తెలిసిన రోజు అక్కడ మిగిలింది వీళ్లిద్దరూ, బిస్కెట్ డబ్బా. యూనిఫాంతో రోడ్డెక్కితే దొరికిపోతారు. మామూలు బట్టలు ఒక్క జతే ఉన్నాయి. లాలా పండక్కి కుట్టించుకుని ట్రంకులో దాచుకున్నవి.

"అవి నాకిచ్చాడు. నేను తీసుకోనన్నాను. నీ బట్టలు, నువ్వే వెళ్లు అన్నాను."

"ఏమన్నాడు?" అంది వాళ్లక్క. ఆవిడకీ ఈ సంగతి కొత్తే.

"డబ్బా చూపించాడు. వారం నుంచి ఇందులో ఒక్క ఫోనే మోగుతోంది, నన్ను పడుకోనివ్వడం లేదు. ఎవరో నీకోసం అంతలా కూర్చున్నారు. నాది ఒక్కసారీ మోగలేదు. ముందు నువ్వు పోరా, నాకు కాస్త నిద్ర దొరుకుతుంది అన్నాడు. దారిలో మోగితే పట్టుకుంటారని ఫోన్ ఆపేసి చేతికిచ్చాడు."

ఆవిడ చేతిలో ముద్ద కంచంలోకి జారింది. మోగకుండా పోయిన ఫోన్ కోసం మేము ఏడ్చిన రోజున అతను రోడ్డు మీద ఉన్నాడు. లాలా పొట్టివాడు. అతని పైజామా ఇతనికి పిక్కల దాకానే వచ్చిందట. ఆ పొట్టి పైజామాతోనే చెకింగులు దాటాడు. ఏ పొలం పనివాడో అనుకుని వదిలేశారు.

"తర్వాత లాలా సంగతి?" అన్నాను.

"తెలియదు ఖాలా. చాలామందిని అడిగాను. లాలా అని అడిగితే ఏ లాలా అంటారు."

ఆ బట్టలు పక్కింట్లో ఉతికి, ఇస్త్రీ చేసి, కవరు తొడిగి అల్మారాలో పెట్టారు. వస్తే ఇవ్వాలి కదా.

వెళ్లబోతూ అతను గుమ్మంలో నిలబడి తటపటాయించాడు. "ఖాలా, అక్క చెప్పింది, అప్పుడు నాకోసం మీ గుళ్లో చదివించారట. లాలాకి కూడా..."

ఆ శనివారమే వెళ్లాను. అదే పంతులుగారు. జుట్టు కాస్త నెరిసింది.

"గోత్రం కాశ్యపసండీ" అన్నాను ముందే. "పేరు లాలా. అంటే అన్నయ్య."

"అన్నయ్య అని అర్చన చేయమంటారా?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించారు. "మనిషి ఉన్నారా అమ్మా? లేనివారికైతే ఇలా చేయకూడదు."

"తెలియదండీ."

పంతులుగారు కాసేపు పళ్లెంలో పువ్వులు సర్దారు. "తెలియనంతవరకూ ఉన్నట్టే" అని సంకల్పం మొదలుపెట్టారు. క్షేమ, స్థైర్య, ధైర్య. ఈసారి విజయం దగ్గర నేను అడ్డం పడలేదు.

ఇది చదివేవాళ్లని ఒక్కటే అడుగుతున్నాను. మీరు దీపం పెట్టేటప్పుడో, ప్రార్థన చేసేటప్పుడో, ఏదీ చేయనివాళ్లయితే ఫోన్ మోగినప్పుడో, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. పొట్టి మనిషి, పెద్ద వయసు సిపాయి, పండగ బట్టలు ఇంకొకరికి ఇచ్చేశాడు. పేరు లాలా. ఎవరైనా గోత్రం అడిగితే కాశ్యపస అని చెప్పండి.