పగ్గాలు పట్టిన ఉరుము

ఉరుము మామూలుగా మాట్లాడగా విన్నవాళ్లు ఎవరూ లేరు. తిట్టేవాడు, అంతే. తలుపు కిర్రుమంటే తలుపుని, వాన కురిస్తే మబ్బుని. ఒకసారి తుమ్మొస్తే ఆ తుమ్మునే తిట్టాడట, ఆ దెబ్బకి పక్కింటి గోడ పగిలింది. కావాలంటే పగులు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూసుకోవచ్చు.

ఆ పేరు పెట్టింది అతని అక్కమొగుడే. ఆ బావది రొట్టెల బండి. కిందటేడు బజారులో ఒక కొట్టు ఇనుప తలుపు దభేలున పడితే పాత గుర్రం బెదిరి బండి బోల్తా కొట్టించింది. బావ కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ పగ్గాలు పట్టే ధైర్యం అతుక్కోలేదు. ఈ నెలాఖరుకి బండి కదలకపోతే బావ రొట్టెలు వేసే వీధులు ఇంకొకడికిస్తానన్నాడు బేకరీ యజమాని.

అక్క కబురు పెడితే ఉరుము బావ బండికని, అప్పుడే కట్టే ఈడొచ్చిన ఒక గుర్రప్పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. రోజూ పొద్దున్నే దానికి కళ్లెం పెట్టి, బండి కట్టకుండా, రెండు పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనకాల నడిచేవాడు. నడుస్తూ తిట్టేవాడు. గుర్రాన్ని కాదు, బావని.

"ఏం బావా, అలా అరుగు మీద మూటలా పడుండకపోతే వచ్చి నాలుగడుగులు వెయ్యొచ్చుగా? నీకంటే దున్నపోతు నయం, కొమ్ములైనా ఉంటాయి."

బావకి ఒళ్లు మండేది. "చూడవే నీ తమ్ముణ్ణి. నా వాకిట్లో, నా గుర్రం ముందు, నా పరువు తీస్తున్నాడు."

"వాడంతేనండీ. మన పెళ్లిలోనే మిమ్మల్ని తిట్టాడుగా."

"అప్పుడే పీటల మీంచి లేచి వెళ్లిపోవాల్సింది."

"కూర్చోండి, కాఫీ చల్లారిపోతోంది."

తిట్లు చాలవన్నట్టు ఉరుము పళ్లాలు మోగించేవాడు, రేకుడబ్బాలు తన్నేవాడు, దారిన పోయే కూరగాయలావిడతో పనిగట్టుకుని గొడవపడేవాడు. చేతులు మాత్రం వేరే మనిషివి. ఒక్క వేలితో పగ్గం తాకిస్తే గుర్రప్పిల్ల పక్కకి తిరిగేది, వేలు వదిలితే తిన్నగా నడిచేది. ఆ మంటలో బావకి అదేం కనబడలేదు.

ఒకనాడు బావ కోపం నషాళానికంటింది. "ఇటు తేరా ఆ పగ్గాలు. నీకంటే బాగా నడిపించకపోతే అప్పుడడుగు." లాక్కుని, గుర్రం వెనకాలే విసవిసా బజారుదాకా వెళ్లిపోయాడు. వెనకాల ఉరుము. ఎదురుగా అదే కొట్టు. అదే ఇనుప తలుపు. దభేలుమంది.

బావ కళ్లు మూసేసుకున్నాడు. తెరిచేసరికి గుర్రప్పిల్ల ఒక చెవి వెనక్కి తిప్పి, ఇంతేనా అన్నట్టు నిలబడి ఉంది.

బావ మెల్లగా వెనక్కి తిరిగాడు. "ఏరా, ఇన్నాళ్లూ నన్ను తిట్టింది దీని కోసమా?"

"సగం దానికోసం."

"మిగతా సగం?"

"కోపమొస్తే నీకు భయం గుర్తుండదు, బావా."

బావ పగ్గాలు బిగించి పట్టుకున్నాడు. "మరి పెళ్లినాటి తిట్లో?"

"అవి తిట్లే."

నెల తిరక్కుండానే బండి కట్టారు. రొట్టెలెక్కించారు. బావ పగ్గాలు పట్టి, ముద్దుగా పిలిచాడు, బతిమాలాడు. వీధంతా నిశ్శబ్దం. గుర్రప్పిల్ల చెవులు నిక్కబొడుచుకుని, ఏదో తేడాగా ఉందన్నట్టు చూస్తోంది, కాలు కదపదు.

బావ అరుగు వైపు చూశాడు. "ఒరేయ్, ఒకటి తిట్టరా. రొట్టెలు చల్లారిపోతున్నాయి."

ఉరుము గొంతు సవరించుకున్నాడు.