ఇంటికో ఓటు

ఝాన్సీలక్ష్మి ఈ పరాయి దేశంలో, మా మిల్టన్ ఊళ్ళో స్కూల్ బస్సు నడుపుతుంది. భర్త త్యాగరాజు గారు చనిపోయిన మూడు నెలలకే ఆ ఉద్యోగంలో చేరింది. మా తెలుగు సంఘం పెద్దలు అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. ఒంగోలు ఆడపడుచు, ఎమ్మెస్సీ చదివింది, బస్సు తోలడమేమిటని. వాళ్ళ పిల్లలు రోజూ బడికి వెళ్ళొచ్చింది ఆ బస్సులోనే. అది మాత్రం ఎవరికీ నామోషీ అనిపించలేదు.

నా పేరు హైమావతి. ముప్పై ఏళ్ళు ఇక్కడ పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. గొప్పకు చెప్పడం లేదు. నా తెలివి ఏపాటిదో మీకే తెలుస్తుంది.

కాలేజీల కోసం మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఏ ఇంటి కింద అద్దెకిచ్చిన బేస్‌మెంట్ తలుపు తట్టినా ఖమ్మం అమ్మాయో కాకినాడ అమ్మాయో తీసేది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఊరి చివర గోడౌన్లో పని. సిటీ బస్సు తప్పితే మంచులో గంట నిలబడాలి. ఒక జనవరిలో మృదుల అనే అమ్మాయి అలా నిలబడి ఏడుస్తుంటే ఝాన్సీ చూసింది. స్కూల్ బస్సులో బయటివాళ్ళను ఎక్కించుకోకూడదు. అందుకని బస్సు డిపోలో పెట్టేసి, తన కారులో వెనక్కి వచ్చి ఎక్కించుకుంది.

"డ్రైవింగ్ వచ్చా అమ్మా?"

"రాదాంటీ. ఊళ్ళో మా అన్నయ్య బండి ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"ఆదివారం రా. నేర్పుతా."

నెల తిరిగేసరికి ఇరవై ఇద్దరయ్యారు. లైసెన్సుకు ముందు రాత పరీక్ష ఉంటుంది. అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పడానికి ఝాన్సీ ఒంటిగది ఇల్లు చాలలేదు. మా సంఘానికి కమ్యూనిటీ సెంటర్లో ప్రతి శనివారం ఒక పెద్ద గది ఉంది. సాంస్కృతిక కార్యక్రమాలకని తీసుకున్నారు. ఆ సంస్కృతి పేరు రమ్మీ.

గది సభ్యులకే ఇస్తారు. సభ్యత్వం కుటుంబానికే ఇస్తారు. ఫారంలో మొదటి గడి 'కుటుంబ యజమాని'. పెళ్ళికాని పిల్లకూ, మొగుడు లేని ఆడదానికీ అందులో చోటు లేదు. త్యాగరాజు గారితోనే ఝాన్సీ సభ్యత్వమూ పోయింది. ఉగాదికి పులిహోర కలపడానికి మాత్రం ఏటా పిలిచేవారు.

ఒంటరి ఆడవాళ్ళకూ సభ్యత్వం ఇవ్వాలని ఆమె అర్జీ పెట్టింది. జవాబుగా సంఘం ఆమెకు సన్మానం ప్రకటించింది. ఒక మనిషి నోరు మూయించడానికి మనవాళ్ళకు శాలువాను మించిన గుడ్డ దొరకదు.

మహిళా దినోత్సవం నాడు అధ్యక్షుడు పాండురంగ స్త్రీ శక్తి మీద ముప్పావు గంట మాట్లాడాడు. దీపం వెలిగించడానికి ఐదుగురు ముత్తైదువలను పిలిచారు. సన్మానం అందుకోవాల్సిన ఝాన్సీ వితంతువు కాబట్టి పక్కన నిలబడింది. మృదులా వాళ్ళూ వెనక బల్లల దగ్గర ప్లేట్లు సర్దుతున్నారు. శాలువా కప్పి, చీర పెట్టి, ఫోటో తీశాక ఝాన్సీ మైకు దగ్గరికి వచ్చింది.

"చీర బాగుందండీ. నా అర్జీ సంగతి ఏం చేశారు? సభ్యులంతా ఇక్కడే ఉన్నారుగా, తేల్చేయండి."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పాండురంగకు తప్పించుకునే దారి లేకపోయింది. ఒప్పుకునేవాళ్ళను చేతులెత్తమన్నాడు. నేను ఎత్తాను. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చాలామంది ఎత్తారు. కార్యదర్శి శేషగిరి లెక్కపెట్టుకుంటూ మా వరుస దగ్గర ఆగాడు.

"డాక్టరమ్మ గారూ, మీరు దించేయండి. ఇంటికో ఓటండీ. మీ ఓటు రామమోహనరావు గారు వేసేస్తారు."

మా ఆయన ముందు వరుసలో ఉన్నారు. వ్యతిరేకించేవాళ్ళను అడిగినప్పుడు ఆయన చెయ్యి లేచింది. నా వైపు చూడలేదు. శనివారం ఆయనకు పేకాట.

తీర్మానం వీగిపోయింది. ఆడవాళ్ళ పండగ, హాలు నిండా ఆడవాళ్ళు, లెక్కలోకి వచ్చిన ఆడ చెయ్యి ఒక్కటీ లేదు. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా సభ్యురాలిననుకున్నాను. సంఘం సభ్యుల పుస్తకంలో నా పేరే లేదు. ఫారం ఎప్పుడూ ఆయనే నింపేవారు, ఏం నింపారని నేను ఏనాడూ అడగలేదు. నాకు కారుంది, ఇల్లుంది, గది అవసరం రాలేదు. అవసరం వచ్చినవాళ్ళను చూసి పాపం అనుకుని ప్లేటులో ఇంకో గారె వేయించుకున్నాను.

బయట పార్కింగ్‌లో ఝాన్సీ ఆ చీరను కారు వెనక సీటులో పడేసింది.

"ఇప్పుడెట్లా ఆంటీ?" అంది మృదుల. "పరీక్ష పదిరోజులే ఉంది."

"మా ఇంటికి రండి," అన్నాను నేను. ఝాన్సీ నన్ను ఎగాదిగా చూసింది. నమ్మలేదు. నమ్మడానికి నేను అంతకుముందు చేసిందేమీ లేదు.

శనివారం పొద్దున్నే మా హాలు నిండిపోయింది. గోడకు ఆనించిన అట్టమీద ఝాన్సీ ట్రాఫిక్ గుర్తులు గీస్తోంది. పేకాటకు తయారై మెట్లు దిగిన మా ఆయన అక్కడే ఆగిపోయారు.

"ఏంటి హైమా ఇది? నాతో ఒక్క మాట అనొద్దా?"

"అనేదేముందండీ, మన ఇంటికి ఒక్కటే ఓటు కదా. మొన్న మీరు వేశారు. ఇది నేను వేశాను."

ఆయన గుమ్మం దగ్గర కుప్పగా పడున్న ఇరవై రెండు జతల బూట్లలో తన బూట్లు వెతుక్కుని, వంగి తొడుక్కుని వెళ్ళారు.