ఆర్డరు ఎక్కడ ఆగుతోంది

స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైల్లో చివరి స్టేషన్ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కాసేపు నడిస్తే మా కంపెనీ వస్తుంది. కార్ల సీట్ల కింద, తలుపుల లోపల, ఎవరి కంటా పడని చోట్ల ఉండే ఉక్కు క్లిప్పులూ స్ప్రింగులూ అక్కడ తయారవుతాయి. నేను చేరేనాటికే కార్ల కంపెనీల ఆర్డర్లు తగ్గిపోయాయి. ఒక షిఫ్టు ఆపేశారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సగం బల్లలు ఖాళీగా ఉండేవి.

నా ఉద్యోగం పేరు ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్. అంటే ఏమిటని మా అక్క ఫోన్‌లో అడిగితే, పని ఎక్కడ నత్తనడక నడుస్తోందో కనిపెట్టి తొందరగా జరిగే దారి చూపించడం అని చెప్పాను. "పని చేసేటోళ్లకు తెల్వదా మరి?" అంది.

డైరెక్టరు కూడా కొత్తవాడే. బ్రెమెన్‌లో విమానాల విడిభాగాలు చేసే చోటు నుంచి వచ్చాడు. ఇంకా కార్లనే నమ్ముకుని కూర్చుంటే లాభం లేదని, ఆసుపత్రి మంచాలు, సైకిళ్లు, చక్రాల కుర్చీలు చేసే చిన్న కంపెనీల పనులు పట్టాలని ఆయన ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. కానీ ఏ చిన్న కంపెనీ అయినా ఫలానా క్లిప్పు చేయడానికి ఎంతవుతుందని అడిగితే, మేం జవాబు పంపేసరికి వాళ్లు ఇంకొకరితో ఒప్పందం చేసేసుకునేవారు. ఈ ఆలస్యమంతా టూల్ రూమ్‌దేనని ఆయన అనుమానం. క్లిప్పులకు కావలసిన అచ్చులు చేసేది అక్కడే. ఆ విభాగం మూసేసి, అచ్చులు బయట చేయించుకుంటే ఎలా ఉంటుందో చూడమని నాకు అప్పగించాడు.

నేను ముందు ఒక చిన్న ఆర్డరు వెంట పడ్డాను. అది ఏ బల్ల మీదికి వెళితే నేనూ ఆ బల్ల దగ్గరికి వెళ్లాను. టూల్ రూమ్‌లో దాన్ని ఒక్క పూటలో చూసి అంచనా కట్టి పంపేశారు. తర్వాత అది డిజైన్ వాళ్ల దగ్గర, కొనుగోళ్ల వాళ్ల దగ్గర, నాణ్యత చూసే ఆయన దగ్గర, అకౌంట్స్‌లో, వరసగా ఒక్కొక్క సంతకం కోసం పడి ఉంది. అలాగని అక్కడ ఎవరూ ఖాళీగా లేరు. ఎవరి పనిలో వాళ్లు మునిగి ఉన్నారు. దీని వంతు వచ్చేదాకా అది ఎదురుచూసేది, అంతే.

దీన్ని నేనొక్కదాన్నే రాసి పైకి పంపడం నాకిష్టం లేదు. అందరూ కలిసి చూస్తేనే మార్పు వస్తుందని క్యాంటీన్ గోడకు పొడవాటి గోధుమరంగు కాగితం అతికించి, అన్ని విభాగాలవాళ్లనూ పిలిచాను. చెప్పిన వేళకు ఒక్కరూ రాలేదు. చివరికి టూల్ రూమ్ అధిపతి వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లబడిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటుంది. కూర్చోలేదు.

"ఈ కాగితం నిండాక మాలో ఎంతమందిని పంపించేస్తారు?" అని అడిగింది.

"నాకు తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు. మెత్తగా తప్పించుకునేంత జర్మన్ కూడా అప్పటికి నాకు రాదు.

"అయితే తెలుసుకుని రండి. అప్పుడు మాట్లాడదాం" అని వెళ్లిపోయింది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనైనా అదే అడిగేదాన్ని. కానీ డైరెక్టరును అడగాలంటే భయం వేసింది. ఈ ఉద్యోగం కోసమే మేం జార్‌బ్రూకెన్ అనే ఊరి నుంచి ఇల్లు మారాం. అక్కడి పని వదులుకుని వచ్చిన మా ఆయనకు ఇక్కడ ఇంకా ఏదీ కుదరలేదు. ఎన్ని తిప్పలు పడితేనో పాపకు కీటాలో, అంటే చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే చోట, సీటు దొరికింది. నేనేమో ఇంకా ప్రోబెట్‌సైట్‌లోనే ఉన్నాను. ఆ తొలి నెలల్లో ఏమాత్రం నచ్చకపోయినా కంపెనీ వెళ్లిపొమ్మనవచ్చు.

సాయంత్రం మా ఆయన బెండకాయలు తరుగుతుంటే విషయమంతా చెప్పాను.

"ప్రోబెట్‌సైట్ల ఉండి డైరెక్టర్‌నే నిలదీస్తవా? ఇంకొన్ని రోజులు ఆగరాదు" అన్నాడు.

"ఆగితే వాళ్లు నోరు తెరుస్తరా? గోడ మీద కాగితం ఖాళీగనే ఉంటది. ఆయన టూల్ రూమ్ మూసేస్తడు."

పాప మధ్యలో తినడం అయిపోయిందని, "ఫెర్టిష్" అంటూ ఖాళీ పళ్లెం ఎత్తి చూపించింది. ఆయన దాని మూతి తుడిచి, చేతులు కడిగించి వచ్చాడు. ఆ తర్వాత, "అడుగు మల్ల. నిలదీయకు, అడుగు" అన్నాడు.

మర్నాడే అడిగాను. డైరెక్టరు నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, రేపు వ్యాపారం ఎలా ఉంటుందో తనకే తెలియనప్పుడు మాట ఎలా ఇస్తానన్నాడు. వ్యాపారం సంగతి నేనూ అడగడం లేదని చెప్పాను. "మనం ఈ గోడ మీద కనిపెట్టే విషయాల వల్ల మాత్రం ఎవరి ఉద్యోగమూ పోదని చెప్పండి, చాలు." ఆలోచిస్తానన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. నడవలో ఎదురైతే పలకరించి వెళ్లిపోయేవాడు. పెద్దవాళ్ల విషయంలో తలదూర్చానేమోనని లోపల పీకుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనం పళ్లెం చేత్తో పట్టుకునే క్యాంటీన్ మధ్యలో నిలబడ్డాడు. కార్ల ఆర్డర్లు మళ్లీ ఎప్పుడు పెరుగుతాయో తాను చెప్పలేనని, కానీ ఆ గోడ దగ్గర జరిగే పని వల్ల ఒక్కరిని కూడా పంపించనని అందరికీ వినబడేలా చెప్పాడు. చప్పట్లు కొట్టలేదెవరూ. సగం మాటే అది. కానీ ఆ సగం మాటను ఆయన అందరి ముందూ ఇచ్చాడు. తర్వాతి సారి పిలిచినప్పుడు కుర్చీలు చాలలేదు.

గోడ మీద ఆర్డరు నడిచే దారంతా గీశాం. ఇన్ని సంతకాలు ఎందుకని ఎవరో అడిగారు. నాణ్యత చూసే ఆయన నెమ్మదిగా లేచాడు. ఒకప్పుడు హడావుడిగా ఒప్పుకున్న చిన్న ఆర్డరు ఒకటి వేరే రకం ఉక్కుతో తయారై వెళ్లిందట, సరుకంతా తిరిగొచ్చిందట. ఆ దెబ్బతో వచ్చిన నియమమే ఇది. అప్పుడు కంపెనీ పడిన అవమానం ఆయనకింకా పచ్చిగానే ఉందని గొంతులోనే తెలిసింది. నియమం వెనక అంత భయం ఉన్నప్పుడు దాన్ని ఊరికే కొట్టేస్తే ఎవరూ నిశ్చింతగా ఉండలేరు. అందుకని సంతకాలకు బదులు మనుషులే ఒకచోట చేరితే ఎలా ఉంటుందని చర్చించాం. చిన్న ఆర్డర్లు వస్తే, ప్రతి విభాగం నుంచి ఒకరు పొద్దున్నే టూల్ రూమ్ పక్కన ఒక బల్ల చుట్టూ నిలబడి, అక్కడికక్కడే తేల్చేయాలని నిర్ణయించాం.

మొదటి ప్రయత్నమే బెడిసికొట్టింది. చక్రాల కుర్చీల కంపెనీ ఒకటి అడిగితే ఆ పొద్దున్నే సరేనన్నాం. తీరా చూస్తే ఆ రకం ఉక్కు మా గోదాములో లేదు. అది తెప్పించుకునేలోగా గడువు దాటిపోయి, వాళ్లు కోపంగా ఆర్డరు రద్దు చేసుకున్నారు. మర్నాడు బల్ల దగ్గర ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పాత పద్ధతికే పోదామని అనబోయేవాళ్లే అందరూ. అప్పుడు నాణ్యత చూసే ఆయనే, "ఇందులో బల్ల తప్పేమీ లేదు. మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న మనం అడగనేలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఉక్కు ఉందా లేదా అన్న దాంతోనే మాట మొదలయ్యేది. ఇక టూల్ రూమ్ ఆవిడ, ఎవరూ చెప్పకుండానే, తన కారు తీసుకుని ఆ కంపెనీకి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పి, ముందు కొన్ని నమూనాలు చేసిస్తామని ఒప్పించి వచ్చింది. ఆ నమూనాలు వాళ్లకు నచ్చాయి. మొదటి దానికన్నా చిన్నదే అయినా ఆర్డరు ఇచ్చారు. ఆ తర్వాత ఆసుపత్రి మంచాలవాళ్లు వచ్చారు.

మంచాలవాళ్ల ఆర్డరు ఖాయమైన రోజు టూల్ రూమ్ ఆవిడ నాకు చెయ్యి చాచి, ఇక మనం ఒకరినొకరు "డూ" అనుకుందామంది. అంటే "మీరు" మానేసి "నువ్వు" అనుకోవడం. సంతోషంతో తల ఊపాను గానీ, మా పెద్దమ్మ వయసు మనిషిని అలా పిలవడానికి నోరు రాలేదు. చాలా రోజుల పాటు ఏ వాక్యంలోనూ ఆ మాట రాకుండా తంటాలు పడ్డాను. ఆవిడ అది కనిపెట్టి నవ్వింది.

టూల్ రూమ్ మూతపడలేదు. ఆపేసిన షిఫ్టు మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. క్యాంటీన్‌లో ఇప్పటికీ ఖాళీ బల్లలున్నాయి, కాకపోతే కొన్నే. నా ప్రోబెట్‌సైట్ గడిచింది. మా ఆయనకూ ఇక్కడే ఉద్యోగం దొరికింది.

ఈ మధ్య ఒకరోజు ఎస్-బాన్ దారిలో చాలాసేపు ఆగిపోయింది. బల్ల దగ్గరికి పరుగున చేరేసరికి అక్కడ నాణ్యత చూసే ఆయన ఒక్కడే ఉండి, ఆర్డర్లు రాసుకునే బోర్డు తుడుస్తున్నాడు. అంతా అయిపోయిందన్నాడు. ఒక ఆర్డరుకు సరేనని, ఇంకొకదానికి కుదరదని పంపించారట. కుదరదన్నది ఎందుకో అడిగాను. కారణం చెప్పాడు. దానికి నేను కలపాల్సిందేమీ కనబడలేదు. నేను రాకపోవడం వాళ్ల పనికి ఎక్కడా అడ్డు కాలేదు. రైల్లో పడిన కంగారంతా దిగిపోయి మనసు తేలికైంది.

అకౌంట్స్‌లో బిల్లులు పంపడం ఆలస్యమవుతోంది, అదీ చూడమని డైరెక్టరు అంతకుముందే అడిగి ఉన్నాడు. కాఫీ కప్పు పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. అక్కడ ఎవరూ తలెత్తి చూడలేదు. నా ఉద్యోగం ఏమిటో, అది ఎవరినీ పంపించేయడం కోసం కాదనీ ముందే చెప్పి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.