తుడవని ఉస్తరా

ఇది నిజంగా జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగి లేచిపొండి. ఒట్టు మాత్రం వేయను. మా నాన్న ఒట్టేసి చెప్పిన ఒక అబద్ధం వల్లే నా బతుకు ఇలా తగలడింది. అప్పట్నుంచి ఒట్లంటే నాకు అసహ్యం. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు మీసమేంటని అడిగారుగా... అందులో ఈ సన్నటి గీత ఏంటని అడిగారుగా... వినండి మరి.

నేను ఆబిడ్స్‌లో చెప్పుల షాపులో చేస్తానని మీకు తెలుసు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో, ఒక్క గదిలో ఒక్కడినే ఉంటాను. పెళ్లెందుకు కాలేదని మీరు అడిగినప్పుడల్లా నవ్వి ఊరుకున్నాను. నవ్వొచ్చి కాదు.

పదిహేడేళ్ల కింద హిమాయత్‌నగర్‌లో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాను. పేరు సరళ. కోస్తా వాళ్లు. వాళ్ల నాన్న సరేనన్నాడు. మా నాన్నకు ఇష్టం లేదు, కానీ ఆ మాట నాతో అనలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకు తెలియకుండా వాళ్లింటికి వెళ్లాడు. దేవుడి పటం మీద చెయ్యేసి, మా వాడికి మూర్ఛరోగం ఉంది, ఒక ఆడపిల్ల గొంతు కోయలేక చెప్తున్నాను అన్నాడట. అంతే... సంబంధం తెగిపోయింది. సరళ ఫోన్ చేసి ఏడ్చింది. ఇంత సంగతి నా దగ్గర ఎలా దాచావని అడిగింది. నేనేం చెప్పినా నమ్మలేదు.

ఆ రాత్రి చాదర్‌ఘాట్‌లోని మా ఇంటికి వెళ్లేసరికి నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. అందుకే రాత్రి తొమ్మిదింటికి గీసుకునేవాడు, పాతకాలపు ఉస్తరాతో, అదే మడిచే మంగలి కత్తితో. ముందు దాన్ని తోలుపట్టా మీద నూరేవాడు. సర్ర్... టప్. సర్ర్... టప్. సరిగ్గా ఇరవై సార్లు. పదోసారికి ఒక దగ్గు. చిన్నప్పుడు నేనూ మా చెల్లెలు రాజీ ఆ చప్పుడు లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్లం. అంతా అయ్యాక కోతల రక్తం ఆగేలా మొహానికి పటిక రుద్దుకుని, ఉస్తరాను మూడుసార్లు తుడిచి, నూనె రాసి మడిచేవాడు.

ఆ ఉస్తరాను ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఆయన సబ్బు నురగే మూతికి పూసుకున్నాను. ఆయన కళ్ల ముందే నా మీసం తీసేశాను.

మనలో తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. ఆయన బతికుండగా తీస్తే అర్థమేంటో విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను.

"నువ్వు ఇయ్యాలనే సచ్చినవ్ నాకు."

నా పెదవి తెగి రక్తం కారుతోంది. నాన్న పటిక ముక్క తీసి నా వైపు చాచాడు. నేను తీసుకోలేదు. ఉస్తరా బేసిన్‌లో పడేసి వచ్చేశాను.

పదిహేడేళ్లు... మాటల్లేవు. రోజూ పొద్దున్నే పై పెదవి నున్నగా గీసుకునేవాణ్ణి. కొందరు బొట్టు పెట్టుకున్నట్టు, అంత నిష్ఠగా.

మొన్న ఎండాకాలంలో ఆయన పోయాడు. కొడుకుని నేనొక్కడినే, వెళ్లక తప్పలేదు. పదో రోజు మంగలాయన గుండు చేసి, మూతి మీద నీళ్లు చల్లి, చెయ్యి ఆపేశాడు.

"ఏంది అన్నా, మీసం ముందుగాలనే తీసినవా?"

చుట్టూ ఉన్న బంధువులంతా తలలు దించుకున్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఒళ్లు మండింది.

తిరిగొచ్చేటప్పుడు రాజీ చేతిరుమాలులో చుట్టిన ఉస్తరా నా చేతిలో పెట్టింది. "నాయిన గిది నీకే ఇయ్యమన్నడు."

"ఇంకేమన్న అన్నడా?"

"ఏమనలే. తోలుపట్టాను ఎప్పుడో ఎలుకలు కొట్టేసినయ్. గిదొక్కటే మిగిలింది."

విప్పి చూస్తే నిలువునా తుప్పు. బాగు చేయించాలనుకున్నాను. ప్రేమతో అనుకునేరు... కాదు. ఆయన ఉస్తరాతోనే రోజూ నా మూతి గీసుకోవాలని. చచ్చాక కూడా ఆయన్ని వదలకూడదని.

నాంపల్లిలో దర్జీల కత్తెరలకు సాన పట్టే ముసలాయన ఒకరున్నారు. అందరూ చాచా అంటారు. ఆయన నూనె చుక్కలు వేసి, కీలు కదిపి, సూది మొనతో లోపల గెలికాడు. ఎండి గట్టిపడిన సబ్బు పెళ్ల పైకి తేలింది. అందులో చిన్న చిన్న వెంట్రుకలు... నల్లవి.

"గిది పాతదై పట్టిన తుప్పు గాదు బేటా. సబ్బు తుడవకుంటనే మడిచిన్రు. మల్ల తెరవనే లేదు. ఎవరి మీసం గిది?"

సబ్బు పెట్టెను కూడా ఆరబెట్టి మూసే మనిషి మా నాన్న. అలాంటి మనిషి... ఆ రాత్రి నా మీసాన్ని అలాగే లోపల పెట్టి మూసేశాడు.

"ఇప్పుడు కోస్తదా చాచా?"

"వెన్నపూస గూడ కోయదు. మెరుపు నేను తెస్తా, ఫికర్ లేదు. గానీ తుప్పుతోని గిదంత పోతది. తర్వాత నాతోని లొల్లి పెట్టుకోవద్దు. ఒక్క రాత్రి సోంచాయించుకో."

ఆలోచించుకుందామని ఇంటికి తెచ్చాను. మడిచి, బేసిన్ పైన అద్దం కింద పెట్టాను. తలుపు గడియ పెట్టాను. అది బాగా గుర్తుంది, గడియ బిగుసుకుంటే భుజంతో నెట్టాను. ఎప్పుడు పడుకున్నానో తెలియదు.

మెలకువ వచ్చింది. చీకటి. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్లు కూడా లేవు. ఫ్యాన్ తిరుగుతోంది... ఫ్యాన్ కాదు. ఇంకేదో.

సర్ర్... టప్.

పక్కింటి వాళ్లేమో అనుకున్నాను.

సర్ర్... టప్.

బేసిన్ దగ్గర్నుంచి. నా గదిలోంచే. నా దగ్గర తోలుపట్టా లేదు. ఏం చేశానో తెలుసా... లెక్కపెట్టాను. చిన్నప్పట్లాగే. ఏడు... ఎనిమిది... తొమ్మిది...

పది. దగ్గు.

ఆ దగ్గును నేను పదిహేడేళ్లుగా వినలేదు. లెక్క మాత్రం ఆపలేదు. పంతొమ్మిది... ఇరవై. ఆగింది. కొళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు. కొళాయి కట్టేసిన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు. ఎంతసేపో ఏమీ లేదు. అది అన్నిటికన్నా ఘోరం.

అప్పుడు మంచం కాస్త కుంగింది. నా పక్కన. మనిషి కూర్చున్నంత.

పటిక వాసన. పై పెదవి మీద ఏదో చల్లగా... తడిగా... ఎడమ నుంచి కుడికి. మెల్లగా. చాలా మెల్లగా.

"నాయినా" అన్నాననుకుంటా. అన్నానో లేదో... ఇప్పటికీ తెలియదు.

తెల్లారింది. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఉస్తరా అద్దం కిందే ఉంది, కానీ తెరిచి ఉంది. తుప్పు అలాగే ఉంది. కీలు దగ్గర సబ్బు పెళ్ల, నా వెంట్రుకలు, అన్నీ అలాగే ఉన్నాయి. అద్దంలో చూసుకున్నాను. పై పెదవి మీద వెంట్రుకంత సన్నగా కోత. రక్తం చుక్క లేదు. కోత పొడుగునా తెల్లటి పొడి. నాలుకతో తాకితే వగరు... పటిక. నా గదిలో పటిక ఏనాడూ లేదు.

నిద్రలో నేనే లేచి గీసుకున్నానంటారు. అనండి. నాకూ అలాగే అనుకోవాలని ఉంది. వెన్నపూస కోయని కత్తితో ఎలా గీసుకున్నానో మాత్రం చెప్పండి.

చాచా కనపడినప్పుడల్లా అడుగుతున్నాడు, ఏం సోంచాయించినవ్ బేటా అని. ఇంకా ఇవ్వలేదు. పారేయనూ లేదు. ఆ రోజు నుంచి పెదవి మీద బ్లేడు పెట్టలేదు. తండ్రి ఉన్నప్పుడు ఉండాల్సిన మీసం, తండ్రి పోయాక పెంచుతున్నాను. ఈ గీత మీద మాత్రం వెంట్రుక మొలవడం లేదు.

నిజం చెప్పనా... ఆ రోజు పటిక తీసుకుని ఉండాల్సింది. తీసుకుంటే ఆయన్ని క్షమించినట్టు అవుతుందనుకున్నాను. ఇప్పుడు రాత్రిళ్లు ఒక్కటే ఆలోచన. ఆ పటిక రాసింది ఆయనే అనుకుందాం.

కోసింది ఎవరు?