రోజక్క పడిన పన్నెండు సెకన్లు

నిన్న సాయంత్రం పక్క ఫ్లాట్ బాల్కనీలో ఎవరో మోకాలి ప్యాడ్లు ఆరేశారు. ఈ ఉక్కలో అవి ఒక పట్టాన ఆరవు. పులిసిన చెమట, రబ్బరు కలిసిన ఆ వాసన కిటికీలోంచి మా వంటింట్లోకి వచ్చింది. చాయ్ పొంగి స్టవ్ మీద పోతున్నా కట్టేయకుండా నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు రోజక్క గుర్తొస్తుంది. ఆమె మీకెవరికీ తెలియదు. ఎప్పుడైనా చూసి ఉంటే ఫోన్లో ఒక పన్నెండు సెకన్లు చూసి ఉంటారు, నవ్వి ఉంటారు. అందుకే రాస్తున్నాను.

రోజ్‌మేరీ అక్కది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. దుబాయ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదహారేళ్ళు నర్సుగా చేసింది. నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఒక చిన్న వీడియో స్టూడియోలో ఎడిటర్‌గా చేరిన కొత్తలో, షార్జాలో ఆమెతో గది పంచుకున్నాను. కరోనా వచ్చిన రెండో ఏడాది అది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె స్నానం చేసి వస్తుంటే మోకాలి పైన అరచేయంత కమిలిన మచ్చ కనబడింది. ఆడదాని ఒంటి మీద దెబ్బ చూస్తే మనకు ముందు ఏ ఆలోచన వస్తుందో చెప్పక్కర్లేదు.

“ఎవురు కొట్నారక్కా?” అన్నాను.

“కెన్యా అమ్మాయి,” అంది తల తుడుచుకుంటూ. “అబ్బ, భలే కొట్టిందే! వచ్చే వారం దాని పని చెప్తాను.”

రోలర్ డెర్బీ అనే ఆట ఒకటుందని నాకు అలా తెలిసింది. కాళ్ళకు చక్రాల బూట్లు వేసుకుని, గుండ్రటి దారిలో రెండు జట్ల ఆడవాళ్ళు తిరుగుతారు. హెల్మెట్ మీద నక్షత్రం ఉన్నమ్మాయి అవతలి జట్టువాళ్ళను ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. మిగతావాళ్ళు భుజాలతో, నడుముతో గుద్ది ఆమెను ఆపాలి. జెబెల్ అలీ వైపు ఒక ఖాళీ గోదాంలో, నేల మీద టేపు అంటించుకుని వీళ్ళు ఆడేవారు. ఒక సెక్యూరిటీ గార్డు, ఒక ఫిలిప్పీన్స్ క్యాషియరు, ఒక లెబనాన్ టీచరు, నలభై మూడేళ్ళ మా రోజక్క. నక్షత్రం ఆమెదే.

వీళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తానన్నాను. నా సొంత కెమెరా, నా సెలవు రోజులు, ఎవరి పెత్తనమూ లేదు. రోజక్క వెంటనే ఒప్పుకోలేదు.

“ఒక్కొక్కళ్ళనీ విడిగా అడుగు. వద్దన్న మనిషి వీపు కూడా కనబడకూడదు. అడిగే ముందు నువ్వూ ఓసారి పడి చూడు,” అంది.

తర్వాతి శుక్రవారం ఉదయం రెండు గంటలు పడ్డాను. ఆ ఆటలో మొదట నేర్పేది పడటమేనట. “చేతులు చాపకే! పిడికిలి మూసుకో, వెనకొచ్చేవాళ్ళ చక్రాలు వేళ్ళ మీదెక్కుతాయ్. ముడుచుకుని పడు. పడ్డావా? ఇంక లే,” అని అరుస్తూనే ఉంది. లేవడానికి చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

ఆ రోజుల్లో నర్సులను దేవతలన్నారు. మా భవనంలోనూ బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. అదే భవనంలో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు, ఆసుపత్రిలో పనిచేసేవారు దయచేసి మెట్లు వాడండి అని. మాది ఆరో అంతస్తు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ముఖం మీద మాస్కు వాతలతో ఆమె ఆ మెట్లెక్కేది. నేను కాగితం చించబోతే ఆపింది. “ఆటకి కాళ్ళు గట్టిపడతాయ్‌లే,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ అన్నిటికీ సర్దుకుపోయే మనిషనుకున్నాను.

ఏడాదికి పైగా తీశాను. నా లాప్‌టాప్ ఆ బరువు మోయలేక, పని అయ్యాక స్టూడియో కంప్యూటర్లో ఎడిట్ చేసుకునేదాన్ని. మా ముదీర్ (ఇక్కడ బాసును అలాగే అంటాం) సరేనన్నాడు, నేను నమ్మాను. ఒకరోజు రోజక్క డ్యూటీ నుంచి వచ్చి, ఫోన్ నా చేతికిచ్చింది. అందులో ఆమె వేగంగా వచ్చి, గుద్దు తిని, బోర్లా పడి జారిపోతోంది. వెనక కోడి కూత, గాడిద అరుపు. పైన ‘దుబాయ్ నర్సమ్మ సర్కస్’ అని పెద్ద అక్షరాలు. పన్నెండు సెకన్లు. స్టూడియో పేజీకి జనాన్ని రప్పించడానికి మా ముదీర్ నా ఫైళ్ళలోంచి తీసి పెట్టేశాడు. వార్డులో ఆమె సూపర్‌వైజరే దాన్ని ఆమెకు చూపించిందట.

“నీకని ఇచ్చాను కదే. ఎక్కడ పెట్టావు దీన్ని?” అంది.

తప్పు చేసినవాడి మీద ఎంత కోపమో, ఆ తలుపు తీసిపెట్టిన నా మీదా అంతే కోపం. ఏడుపొచ్చింది.

“ఏడుపు తర్వాత,” అంది. “రేపు మీ ఆఫీసుకొస్తాను.”

ఆ రాత్రే నేను ముదీర్‌కు ఫోన్ చేశాను. “గింతదానికి గట్ల కోపమైతవేందమ్మా? నవ్వుకుంటరు, మరిచిపోతరు. మన కంప్యూటర్ల ఉన్నది మనదే,” అన్నాడు. నా వీసా అతని చేతిలో ఉందని కూడా గుర్తుచేశాడు.

మర్నాడు ఆమె డ్యూటీ బట్టలతోనే వచ్చింది. అతని గదిలో అతన్నే కూర్చోమంది. కూర్చున్నాడు. “షాహీనూ, అంతా పెట్టు,” అంది నాతో. కోత లేని దృశ్యం పెట్టాను. తెర మీద ఆమె పడింది. పిడికిళ్ళు మూసుకుంది. రెప్పపాటులో లేచింది, ఒక చుట్టు తిరిగి వచ్చి అవతలి జట్టులో నలుగురినీ దాటేసింది.

“మంచిగనే ఉంది మేడమ్,” అన్నాడు ముదీర్ ఇబ్బందిగా.

“బాగుందా అని నేను అడగలేదండీ. నన్ను అడిగారా?”

అతను వీడియో తీసేశాడు. “ఖలాస్,” అన్నాడు చేతులు దులుపుకుని. ఖలాస్ ఎక్కడ? అప్పటికే అది మా ప్రొద్దుటూరు బంధువుల గ్రూపులో కూడా తిరుగుతోంది.

ఆసుపత్రివాళ్ళు ఒక ఉత్తరం తయారుచేశారు. సంస్థ గౌరవానికి భంగం కలిగించే పనులు ఇకపై చేయనని ఆమె సంతకం పెట్టాలట. ఊపిరాడని మనుషుల పక్కన నెలల తరబడి నిలబడినప్పుడు ఆ గౌరవం ఎవరు నిలబెట్టారో వాళ్ళకు గుర్తు లేదు. “నేను చేసిన తప్పేంటో ఇందులో రాయండి. అప్పుడు పెడతాను,” అందట. వాళ్ళు రాయలేకపోయారు, ఆమె పెట్టలేదు. మెట్లెక్కిన మనిషే ఈ మనిషి. ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ కూడదో ఆమెకు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. కాంట్రాక్టు ముగిశాక మళ్ళీ ఇవ్వలేదు. కారణం కూడా చెప్పలేదు. పదహారేళ్ళ పనికి రెండు వాక్యాల ఈమెయిలు!

నేను రాజీనామా ఇచ్చి, ఇంక సినిమా వద్దన్నాను. రోజక్కకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. “నువ్వు ఆపేస్తే వాడు వేసిన పన్నెండు సెకన్లే మిగుల్తాయి. అలా మిగిల్చి పోతావా?”

ఫ్రీ జోన్‌లో ఒక గోదాముల కంపెనీలో, కార్మికుల భద్రతా వీడియోలు చేసే ఉద్యోగం దొరికింది. సినిమా పూర్తి చేశాను. నలభై ఆరు నిమిషాలు. చూసిన ఒక పెద్దమనిషి బాగుందని మెచ్చుకుని, నర్సును తగ్గించి వయసులో ఉన్న అమ్మాయిలను పెంచితే అమ్మి పెడతానన్నాడు. అక్కర్లేదన్నాను. రోజక్క కొత్త ఉద్యోగానికి ఐర్లండ్ వెళ్ళే ముందు, వాళ్ళు ఆడిన గోదాం గోడకే దుప్పటి కట్టి అందరం చూశాం. ఆ పడిన దృశ్యం ఉంచాలా వద్దా అని ముందే అడిగాను. ఉంచమంది. అది వచ్చినప్పుడు అందరూ ఊపిరి బిగబట్టారు. ఆమె మాత్రం ముందుకు వంగి చూసి, “మడమ తప్పుగా వేశాను. అందుకే పడ్డాను,” అంది.

ఆ తర్వాత ఆమెను మళ్ళీ కలవలేదు. పోయిన నెల మా మేనేజర్ నిఘా కెమెరాలోంచి ఒక క్లిప్ పంపాడు. తడి నేల మీద ఒక కార్మికుడు పెట్టెతో సహా జారిపడుతున్నాడు. ట్రైనింగ్‌లో పెట్టు, కాస్త మ్యూజిక్ కలుపు, అందరూ చూస్తారు అన్నాడు. ఆయన పేరేంటని అడిగాను. ఎవరికీ తెలియదు. “పేరెందుకు?” అన్నాడు మేనేజర్. నా చెవులు వేడెక్కాయి. ఈ కోపం రోజక్క నాకిచ్చి వెళ్ళింది. చల్లారనివ్వడం నాకిష్టం లేదు. లాప్‌టాప్ మూసి, ఆయన ఏ షెడ్డులో పనిచేస్తాడో కనుక్కుని, అడగడానికి బయల్దేరాను.