వీపు మీద పట్టీలు

సరూర్‌నగర్‌లో బ్యూటీ పార్లర్ నడిపే అరుణశ్రీకి రెండు రోజులుగా వీపే లోకమైపోయింది. ఎల్బీనగర్‌లో చర్మం డాక్టరమ్మ అక్కడ వరసగా పట్టీలు అంటించి, తడపొద్దు, గోకొద్దు అని పంపింది. ప్రతి పట్టీ కిందా ఉన్నది ఆమె రోజూ ముట్టుకునే సరుకే. ఒకదాని కింద షాంపూకు నురగనిచ్చేది, ఒకదాని కింద కండిషనర్ పాడవకుండా కాపాడేది, ఇంకోదాని కింద సువాసన, చివర తలకేసే నల్లరంగులోని పీపీడీ అనే రసాయనం. ఆమె వేళ్లు పగిలి రసి కారుతున్నది దేనివల్లో ఇప్పుడు వీపు చెప్పాలి.

పోచంపల్లిలో నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టిన పిల్ల. రంగు పట్టిందో లేదో వాళ్లింట్లో వేళ్లతో నలిపే చూసేవారు. పార్లర్‌లోనూ అదే అలవాటు. రంగు పెట్టెలో వచ్చే గ్లవ్స్ నేరుగా చెత్తబుట్టలోకి పోయేవి. కస్టమర్లకు మాత్రం శ్రీరంగనీతులు చెప్పేది.

"సీరంల సిలికోన్ ఉంటది మేడం, నూలుకు గంజి పెట్టినట్టే. మెరుస్తది, గంతే. చిట్లిన ఎంటిక అతకది. బ్లాక్ మెహందీ అంటే ఉత్త ఆకు కాదు, ఆకు ఎర్రగనే పండుతది. నలుపు పీపీడీది. ముందుగాల చెవెనక పెట్టి చూసుకోవాలె."

ఆమె అవస్థ చూడలేక భర్త మహేందర్ ఓదార్చబోయాడు. "ఏ రాయైతేంది పండ్లూడగొట్టుకునేటందుకు? ఏది పడకపోతే గది మానెయ్."

అరుణశ్రీకి ఒళ్లు మండింది. "నురగైతే షాంపూ మారుస్త. వాసనైతే వాసన లేనిది తెస్త. నలుపైతే ఏం జెయ్యాలె? నా దగ్గరికి సగం మంది దానికే ఒస్తరు."

ఆ తర్వాత ఆమె కాలుగాలిన పిల్లిలా ఇంటికీ పార్లర్‌కీ మధ్య తిరిగింది. వీపు దురద పెడుతోంది. ఏ పట్టీ కింద? పార్లర్ నిండా అద్దాలే, ఒక్కటీ ఆ సంగతి చెప్పదు. పట్టీలు విప్పించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే, కూర్చోవడానికీ లేదు, కమ్మీకి ఆనుకోవడానికీ లేదు. ఈ పాపం సువాసన మీదికి పోవాలని దారి పొడవునా మొక్కుకుంది. దేవుడికి ఇలాంటి మొక్కు ఎవరూ మొక్కి ఉండరు.

డాక్టరమ్మ పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసింది. మూడు చోట్ల చర్మం శుభ్రంగా ఉంది. పీపీడీ చోట మాత్రం ఎర్రగా వాచి, నీటిపొక్కులు లేచాయి.

"ఇగ గ్లవ్స్ ఏసుకుంట మేడం."

"పల్చటి గ్లవ్స్‌లోంచి కూడా దిగుతుందమ్మా. ఒంటికి ఒకసారి పడకుండా పోయాక చుక్క చాలు. ఆ పని ఇక మానుకో."

తిరిగొచ్చేసరికి లలితకుమారి భుజాన తువ్వాలు కప్పుకుని కుర్చీలో సిద్ధంగా ఉంది. గుడివాడ నుంచి వచ్చి ఈ కాలనీలోనే స్థిరపడిన రిటైర్డ్ టీచరమ్మ. పార్లర్ తెరిచిన నాటి నుంచీ ఆమె తల అరుణశ్రీ చేతిలోనే నల్లబడుతోంది.

"అమ్మా, ఇగ మీకు రంగెయ్యలేను. నా చేతులకు పడుతలేదంట."

"ఏవీ, ఇలా చూపించు."

లలితకుమారి ఆ వేళ్లను దగ్గరికి తీసుకుని పగుళ్లు చూసింది. "ఇన్నేళ్లూ ఈ చేతుల్ని నా నెత్తిన పెట్టించుకున్నాను గానీ, ఒక్కసారైనా చూళ్లేదే తల్లీ," అంది. అరుణశ్రీకి ఏడుపు ఆగలేదు.

"కత్తెర పడుతుందా నీకు?"

"పడ్తది."

"అయితే పొట్టిగా కత్తిరించెయ్. మొదళ్ల నుంచి తెలుపు ఎలా వస్తే అలా రానీ."

అరుణశ్రీ కళ్లు తుడుచుకుని కత్తెర అందుకుంది. అప్పుడే తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చి, నల్లరంగు పెట్టెలు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.